కన్న గానీ, పెంచిన గానీ

టెండర్లు తెరిచిన రోజు సాయంత్రం, చెత్త ట్రాక్టర్లు నిలిపే షెడ్డు. ఊరి చెత్త ఎత్తించే కాంట్రాక్టు ఇన్నేళ్ళూ ఒంటిచేత్తో లాక్కొచ్చిన వదిన గొట్టం పట్టుకుని ట్రాక్టరు తొట్టి కడుగుతోంది. మునిసిపల్ ఆఫీసులో టెండర్ల గుమాస్తా అయిన మరిది, బూట్లు తడుస్తాయని కాబోలు పాపం, గడప దాటడం లేదు.

"వస్తే లోపలికి రా, లేకపోతే పో. గబ్బిలంలాగా ఆ గడప పట్టుకుని వేలాడకు."

"తిడతావేమోనని..."

"తిట్టేదాన్నయితే ఆ టెండర్ల హాల్లోనే తిట్టేదాన్ని, అందరి ముందూ. నేనెప్పుడన్నా తిట్లు దాచుకునే రకమా?"

"కోపంగా ఉన్నావా వదినా?"

"ఉండనా మరి? నోటిదాకా వచ్చింది నేలపాలయింది. కవర్లు చించారు, రేట్లు గట్టిగా చదివారు, అందరికంటే తక్కువ నాదే. తక్కువ రేటు వేసినవాళ్ళదే కాంట్రాక్టు. అదేగా రూలు?"

"అదే."

"ఆ లిఫ్టు కంపెనీవాడి మొహం చూశావా? డబ్బాల్ని ఎత్తే లారీలున్నాయని ఎగిరెగిరి పడ్డవాడు, నా రేటు వినేసరికి మాడిపోయాడు."

"చూశాను."

"నేను లేచి నమస్కారం పెట్టబోతున్నాను కూడా. ఇంతలో వాడు లేచాడు. 'అయ్యా, ఈవిడ మీ టెండర్ల గుమాస్తాకి దగ్గర బంధువు, ఈవిడ టెండరు చెల్లదు' అన్నాడు. ఆఫీసరు నీ వైపు తిరిగాడు. 'ఏమయ్యా, ఈవిడ నీకేమవుతారు?' అనడిగాడు. నువ్వేమన్నావు?"

"వదినా, ఆ నీళ్ళు కట్టెయ్యరాదూ. సరిగ్గా వినపడటం లేదు."

"ఇదిగో, కట్టేశాను. ఏమన్నావు?"

"నీకు తెలుసుగా."

"తెలుసు. ఇంకోసారి విందామని."

"ఇప్పుడదంతా ఎందుకు వదినా..."

"వదిన అని ఊరుకుంటే సరిపోయేదిరా! టెండరు వేయకూడని బంధువుల లిస్టులో భార్య ఉంది, పిల్లలున్నారు, తల్లీతండ్రీ ఉన్నారు, అన్నదమ్ములున్నారు. వదిన లేదు. 'మా వదిన సార్' అని నోరు మూసుకునుంటే ఈపాటికి షెడ్డంతా మిఠాయి పంచుతుండేదాన్ని. ఆ సంగతి నీకు తెలియదా? రూల్సు టైపు కొట్టేదే నువ్వు."

"నోరు జారింది. అందరూ నావైపు చూసేసరికి కంగారులో..."

"'మా అమ్మ సార్' అన్నావు."

"ఊఁ."

"ఊఁ కాదు. గట్టిగా అన్నావు. వెనక బెంచీలవాళ్ళు కూడా తలెత్తి చూశారు."

"తప్పయింది. తిట్టు, పడతాను."

"తిట్టడానికి నాకు నోరు రావడం లేదురా, అదే చెబుతున్నా. నిన్ను బళ్ళో వేసిన రోజు గుర్తుందా? పంతులమ్మ 'మీ అమ్మా బాబూ?' అంటే, 'కాదండీ, మా వదిన. మా అమ్మ చచ్చిపోయింది' అని బల్ల గుద్ది మరీ చెప్పావు."

"చిన్నతనం వదినా."

"మీ అన్నయ్య పోయాక, మనిద్దరమే మిగిలాక కూడా అడిగాను. 'ఒరే, ఒక్కసారి అమ్మా అనరా, రంగు పెన్సిళ్ళు కొంటాను' అని. 'నువ్వు అమ్మవి కాదుగా, అబద్ధాలాడకూడదని నువ్వే చెప్పావుగా' అన్నావు. పెన్సిళ్ళు ఎలాగూ కొన్నాననుకో."

"అవన్నీ ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"ఎక్కడ పెట్టుకోను మరి? ఊరంతా నన్ను అమ్మ తగిలించే పిలుస్తుంది. ఓనరమ్మ, చెత్తమ్మ, వెనకాల ఇంకేం అమ్మో నాకు తెలీదు. నువ్వొక్కడివే ఆ రెండక్షరాలూ ఏనాడూ ఖర్చు పెట్టలేదు. జ్వరమొచ్చి కలవరించినా వదినా అనే కలవరించావు. అలాంటిది ఇవాళ, సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషుల మధ్య... కాంట్రాక్టు పోతోందన్న సంగతి నా బుర్రకి ఎక్కితే ఒట్టు. పిచ్చిదానిలా నవ్వుకుంటూ కూచున్నాను. పక్కాయన 'ఏమ్మా, టెండరు పోతుంటే నవ్వుతావేం' అన్నాడు."

"నేను నీ మొహం చూడలేకపోయాను."

"చూడలేదు. నీళ్ళు తాగొస్తానని బయటికి పోయావు. నువ్వటు పోగానే ఆఫీసరు నన్నూ ఓ మాటడిగాడు."

"నిన్నా? నిన్నేం అడిగాడు?"

"ఏదోలే. ముందు కూచో. ఆ టైరు మీద కూచో, పొడిగానే ఉంది."

"నేను నుంచునే ఉంటాలే. వదినా, ఒకందుకు మంచిదే అయిందనుకో. ఎన్నాళ్ళని ఈ కంపులో పడి చస్తావు? ఆ దగ్గు చూడు. రాత్రంతా గోడవతల్నించి వింటున్నాను. ఇంక హాయిగా ఇంట్లో కూచో."

"కూచుని?"

"కూచుని... విశ్రాంతి తీసుకో."

"నేను విశ్రాంతి తీసుకుంటే సరే, మరి నా మనుషులో? ఆ ఆడవాళ్ళో? ఒక్కొక్కళ్ళ మీద ఎన్ని కడుపులున్నాయో నీకు తెలీదూ? వాళ్ళ చేతుల్లో పెరిగావు."

"వాళ్ళకేం ఢోకా లేదు."

"నీకెలా తెలుసు?"

"అంటే... ఎవరికి కాంట్రాక్టు వచ్చినా ఊడ్చేవాళ్ళు కావాలి కదా. మాట వరసకి అన్నాను."

"ఊఁ. ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడటం లేదు. నువ్వు అమ్మ అనగానే ఆఫీసరు రూలు తీసి చదివాడు. 'తల్లి, కన్న గానీ, పెంచిన గానీ' అని. చదివి ఆయనే కళ్ళజోడు తీసేసి, 'ఈ పెంచిన అన్నది పోయినసారి లేదే' అన్నాడు. నువ్వు నాకు చదివి వినిపించినప్పుడు కూడా ఆ మాట ఉన్నట్టు లేదే?"

"చదివాను వదినా. అప్పుడు నువ్వు నీళ్ళు తేవడానికి లేచినట్టున్నావు. ఆ ఆఫీసు తెలుగంటే నీకు విసుగు కూడా కదా."

"విసుగే. నోరు తిరగదు, చెవికెక్కదు. నువ్వున్నావు కదా అని నిశ్చింతగా ఉన్నాను. సరేలే, నాదే పొరపాటు. ఆ మాట చెవిన పడుంటే..."

"ఓనరమ్మా! ఓ ఓనరమ్మా! మనదేనంటగా?"

"ఎవరది, బ్రేకుల తాతా? లోపలికి రా. ఏంటి మనది?"

"కాంట్రాక్టు! తక్కువ రేటు మనదేనని బయట ఒకటే గోల. ఈసారన్నా నా ట్రాక్టరుకి బ్రేకులు వేయించు తల్లీ. ఎన్నాళ్ళని కాలు నేలకి తన్ని ఆపను? నాది ట్రాక్టరు తొక్కుడా, ఉయ్యాల ఊపుడా?"

"రేటు మనదే తాతా, టెండరు చెల్లలేదు. వీడు నా కొడుకట. కొడుకు ఆఫీసులో ఉంటే తల్లి టెండరు వేయకూడదట."

"కొడుకా? గుమాస్తాగారా? ఎప్పట్నించి?"

"ఇవాళ మధ్యాహ్నం నుంచి."

"ఓరి దేవుడో. మరైతే ఆ బట్టలు? అవెవరికిస్తావిప్పుడు?"

"ఏ బట్టలు?"

"తాతా, నువ్వు కాసేపు బయటుండు. మేమేదో మాట్లాడుకుంటున్నాం."

"నువ్వాగరా. ఏ బట్టలు తాతా?"

"కొత్త యూనిఫారాలు, నువ్వు కుట్టిస్తున్నవే! పోయిన వారం టైలరొచ్చి కుర్రాళ్ళందరికీ కొలతలు తీసుకుపోయాడుగా. 'కాంట్రాక్టు రాగానే ఓనరమ్మ పంచుతుంది, ముందే బయటపెడితే ఆవిడకి కోపమొస్తుంది' అన్నారు గుమాస్తాగారు. మేమంతా నోళ్ళు కుట్టుకు కూచున్నాం. ఇదిగో, ఇప్పుడే విప్పా."

"నేను ఏ టైలర్నీ పంపలేదే."

"అదేంటి? జేబు మీద బొమ్మ కూడా కుడతాడట. చెత్తడబ్బాని ఎత్తి బోర్లించే లారీ బొమ్మ. మనకలాంటి లారీ లేదుగా అన్నాను నేను. 'త్వరలో వస్తుందిలే' అన్నాడు. ఓనరమ్మ లారీ కూడా కొంటోందని నేను ఆ రాత్రి మా ముసల్దానికి చెప్పుకుని మురిసిపోయాను."

"నీకు తీసుకున్నాడా కొలతలు?"

"నాకా? లేదులే. నా సైజు చూస్తేనే తెలిసిపోతుందన్నాడు."

"ఆడవాళ్ళకి?"

"వాళ్ళకీ తీసుకోలేదు. ఆడమనిషెవరో విడిగా వస్తుందేమో అనుకున్నారు పాపం. రోజూ గేటు వైపు చూస్తున్నారు."

"రాదు తాతా. ఎవరూ రారు."

"అయ్యో, నేనేదో అనకూడనిది అన్నట్టున్నానే. ఏం గుమాస్తాగారూ, అలా అయిపోయారేం? బయటివాళ్ళకి ఏం చెప్పమంటావు ఓనరమ్మా?"

"ఏమీ చెప్పకు. నేనొచ్చి చెబుతాను. నువ్వు మొదలుపెట్టావంటే ఆగవు, నీకూ నీ ట్రాక్టరుకీ ఒకటే జబ్బు. గేటు దగ్గరికి వేసి పో."

"పోతున్నా, పోతున్నా."

"వదినా, నేను చెప్పేది ఒక్క నిమిషం..."

"కొలతలు పోయిన వారం. కవర్లు చించింది ఇవాళ."

"నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్నానో నాకే ఇంకా తెలీదు, నీకప్పుడే తెలిసిపోయిందా? ఆ లిఫ్టు కంపెనీవాడు కాంట్రాక్టు తనదేనని పోయిన వారమే బట్టలు కుట్టించుకుంటున్నాడు. నా మనుషులకి. నా షెడ్డులో. నువ్వు దగ్గరుండి నిలబెట్టి కొలిపించావు."

"నేనే షరతు పెట్టాను వదినా! మనవాళ్ళని తీసుకుంటేనే అన్నాను. ఎవరూ రోడ్డున పడకూడదని పట్టుబట్టాను."

"తీసుకుంటేనే... ఏం చేస్తానన్నావు?"

"అది కాదు..."

"తీసుకుంటేనే అన్నావు కదా. ఆ మాట పూర్తి చెయ్యి. నీళ్ళు నమలకు."

"వాడికి మనుషులు కావాలి. నాకు..."

"నీకు?"

"మేనేజరుగా రమ్మన్నాడు. ఏసీ గది."

"ఓహో."

"నీకు తెలీదు వదినా, ఆఫీసులో నేను పడే మాటలు. 'చెత్తమ్మ మరిది' అంటారు. పేరుతో ఎవడూ పిలవడు. నేను గదిలోకి వస్తే ఒకడు లేచి కిటికీ తీస్తాడు. ఊరికే, నవ్వులాటకి. రోజూ తీస్తాడు. నేను పొద్దున్నే రెండుసార్లు ఒళ్ళు రుద్దుకుని వెళతాను, అయినా తీస్తాడు."

"ఇంటికొచ్చి చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? నువ్వు మానెయ్యమనా?"

"మానెయ్యమని కాకపోతే, మార్చుకుంటానని చెప్పు. ఆ టెండర్ల గదిలోంచి ఇంకో గదిలోకి మార్పించుకుంటే ఏ రూలూ అడ్డం రాదు. లేదా తాత పేరు మీద వేయించేదాన్ని. ఎన్ని దార్లు లేవు? నాతో పోట్లాడొచ్చు. ఇల్లొదిలి పోతానని బెదిరించొచ్చు. నేనేడ్చి చచ్చేదాన్నేమో గానీ అర్థమయ్యేది. ఇలా వెనక నుంచి గొయ్యి తవ్వుతావురా?"

"గొయ్యి కాదు వదినా, నీ మేలు కూడా..."

"నా మేలు మాటెత్తకు. ఒళ్ళు మండుతోంది. ఆ పెంచిన అన్న మాట నువ్వే ఇరికించావు. అవునా?"

"వాడు అడిగాడు. వదిన అంటే చెల్లుతుంది, ఏదన్నా దారి చూడమన్నాడు. అంత కాగితాల కట్టలో ఒక్క మాట. ఆఫీసరు చూడకుండానే సంతకం పెట్టాడు."

"వెతికి వెతికి ఆ మాట పట్టుకున్నావన్నమాట. నేను నిన్ను పెంచానని నీకు గుర్తొచ్చింది అప్పుడా?"

"వదినా..."

"ఆ రోజు నీకు నిజంగా దాహం వేసిందా?"

"ఏ రోజు?"

"నాటకాలాడకు. నువ్వు మెట్టు మీద కూచుని రూల్సు చదువుతున్నావు. నేను చేతి తొడుగులకి చిరుగులు కుడుతున్నాను. 'భార్య, పిల్లలు, అన్నదమ్ములు...' అని చదువుతూ చదువుతూ, 'గొంతు ఎండిపోతోంది వదినా, కాసిని నీళ్ళు తే' అన్నావు. సూది కింద పడేసి పరుగెత్తాను. వచ్చేసరికి తొట్టి మీద పట్టా కప్పాలి అన్న రూలు చదువుతున్నావు. గ్లాసు నీ చేతికిచ్చాను. తాగావా?"

"ఏమో, గుర్తులేదు వదినా."

"అడుగుతున్నాను. తాగావా?"

"లేదు."

"లేదు. పక్కనున్న మొక్కకి పోశావు. నేను చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? తనకి దాహమైనా మొక్క వాడిపోయిందని పోశాడు, ఎంత మంచి బుద్ధో అనుకున్నాను. పక్కింటావిడకి చెప్పుకున్నాను కూడా! సిగ్గులేని మొహం నాది."

"చెప్పలేకపోయాను. నీ మొహం చూస్తూ ఆ మాట చదవలేకపోయాను."

"చదవలేని మాట హాల్లో ఎలా అన్నావురా అంత గట్టిగా? అమ్మా అన్నావనుకుని మురిసిపోయాను. నువ్వన్నది అమ్మా అని కాదు, అమ్మాను అని. ఆ చివరి అక్షరం మింగేశావు, ఆ రోజు పెంచిన అన్నది మింగేసినట్టే."

"అబద్ధం కాదు వదినా ఆ మాట. ఒట్టు. వాడి కోసం అందామనే నుంచున్నాను, నిజమే. కానీ అన్నాక నా గొంతు నాకే వినపడింది. అది నిజమని అప్పుడు తెలిసింది. అందుకే బయటికి పారిపోయాను. దాహమై కాదు."

"నిజం కాబట్టే ధర పలికింది. అబద్ధమైతే వాడెందుకు కొంటాడు?"

"రేపు పొద్దున్నే ఆఫీసరు దగ్గరికి వెళతాను. కాళ్ళు పట్టుకుంటాను. కంగారులో అన్నాను సార్, ఆవిడ నాకు వదినే, అమ్మ కాదు అని రాసిస్తాను. మేనేజరూ వద్దు, ఏసీ గదీ వద్దు. నా మాట నేను వెనక్కి తీసుకుంటే నీ కాంట్రాక్టు నీకు..."

"రాదు."

"వస్తుంది వదినా. నా మాట వల్లే పోయింది కదా, నా మాటతోనే..."

"నీ మాట వల్ల పోలేదురా అది."

"అదేంటి? నేను అమ్మ అన్నాకేగా కొట్టేశారు?"

"నువ్వు బయటికి పారిపోయావు చూడు, అప్పుడు ఆఫీసరు నన్ను దగ్గరికి పిలిచాడు. మంచాయన. గొంతు తగ్గించి, 'చూడమ్మా, కుర్రాడేదో అభిమానం కొద్దీ అన్నాడు. దత్తత లేదు, కాగితం లేదు, నేను పట్టించుకోనక్కర్లేదు. నేను వీడి తల్లిని కాను అని మీ నోటితో ఒక్క మాటనండి చాలు, కాంట్రాక్టు మీ పేరనే రాస్తాను' అన్నాడు."

"మరి... మరి అన్నావా?"

"అప్పుడు హాలు బయట మన ఆడవాళ్ళంతా గేటు పట్టుకుని నా కోసం చూస్తున్నారు. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నారు."

"ఏమన్నావు వదినా?"

"ఆ పెంచిన అన్నది ఎందుకు సార్ మధ్యలో, కొట్టెయ్యండి, వాడు నా కొడుకు అన్నాను."